ఎక్కుడులో చతికిలబడే పాత టయోటా పికప్: ఇంజిన్ తప్పెంత, క్రౌన్ తప్పెంత

బండి 1991 టయోటా పికప్, ఫోర్ వీల్ డ్రైవ్, ఎక్స్‌ట్రా క్యాబ్. ఇంజిన్ 22ఆర్-ఈ: నాలుగు సిలిండర్లు, 2366 సీసీ, పెట్రోలు ఇంజెక్షన్. కంపెనీ లెక్క ప్రకారం 4800 ఆర్‌పీఎం దగ్గర 116 హార్స్‌పవర్, 2800 దగ్గర 140 ఫుట్-పౌండ్ల టార్క్. గేర్‌బాక్స్ ఐదు గేర్ల డబ్ల్యూ56. తిరిగేది అమెరికాలోని కొలరాడోలో, డెన్వర్ చుట్టుపక్కల.

ఫిర్యాదు ఒక్క ముక్కలో: పికప్‌కి పికప్ లేదు. ఐ-70 రోడ్డు మీద సిల్వర్‌థోర్న్ నుంచి ఐసెన్‌హవర్ సొరంగం వైపు ఎక్కేటప్పుడు ఐదో గేరు, నాలుగో గేరు ఊసే లేదు. మూడులో 55 మైళ్లతో ఎక్కుడు మొదలుపెడితే కాసేపటికి 40కి జారుతుంది. రెండులో వేస్తే ఇంజిన్ గోల, వెనకాల లారీల హారన్లు. ఓనరు ప్రశ్న ఏమిటంటే: కామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిచే కడ్డీ) మార్చాలా, హెడర్ (పొగ తేలిగ్గా పోయే ఎగ్జాస్ట్ గొట్టాల సెట్టు) వేయాలా, లేక 2.7 లీటర్ల 3ఆర్‌జెడ్ ఇంజినే ఎక్కించాలా?

మూడింటికీ జవాబు ఒకటే: ఇప్పుడే వద్దు. ముందు కొలతలు తీయాలి. ఈ తరం బండ్లలో ఇంజిన్ మీద పెట్టిన డబ్బులో సగం, అసలు రోగం తెలియక పెట్టిందే.

మొదటి కొలత టైరుది

ఈ మోడల్‌కి మామూలుగా వచ్చే టైరు 225/75ఆర్15. ఇప్పుడు బండికి ఉన్నవి 33x10.50ఆర్15. టైరు పక్కన 33 అని రాసి ఉంటే నేల మీద కూడా 33 అంగుళాలే తిరుగుతుందనుకోవద్దు. బరువు పడ్డాక రేడియల్ టైరు అణుగుతుంది. కొలిచే పద్ధతి తేలిక. గాలి సరిగ్గా పెట్టి, టైరు మీదా నేల మీదా సుద్దతో గీత గీసి, బండిని నెట్టుకుంటూ చక్రం సరిగ్గా ఐదు చుట్లు తిరిగేదాకా తీసుకెళ్లాలి. ఆ దూరాన్ని ఐదుతో, తర్వాత 3.1416తో భాగిస్తే నిజమైన వ్యాసం వస్తుంది. ఈ బండికి 31.8 అంగుళాలు వచ్చింది. పాత సైజు టైరు ఇదే పద్ధతిలో దాదాపు 27.4.

రెండో కొలత క్రౌన్-పినియన్ నిష్పత్తి: షాఫ్ట్ చివర ఉండే చిన్న గేరు పినియన్, అది తిప్పే యాక్సిల్‌లోని పెద్ద పళ్ల చక్రం క్రౌన్. డోరు దగ్గరి ప్లేటు మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది. కానీ ముప్ఫై ఏళ్ల బండికి మధ్యలో ఎవరు ఏం మార్చారో ఆ ప్లేటుకు తెలియదు. వెనక చక్రం ఒక్కటే జాకీ మీద ఎత్తి (రెండోది నేల మీదే ఉండాలి, ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి), గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఎత్తిన చక్రాన్ని రెండు పూర్తి చుట్లు తిప్పుతూ ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. లాకర్ (రెండు చక్రాలనూ కలిపి బిగించే ఏర్పాటు) లేని మామూలు డిఫరెన్షియల్‌లో ఆ లెక్కే నిష్పత్తి. ఇక్కడ నాలుగు చుట్లు పూర్తయి, పదోవంతు పైన వచ్చింది. అంటే 4.10, ఫ్యాక్టరీదే.

ఇక లెక్క. టైరు 27.4 నుంచి 31.8కి పెరిగితే బండి ఇంజిన్‌కి 4.10 క్రౌన్ 3.53లా అనిపిస్తుంది. అంటే క్రౌన్ ముట్టుకోకుండానే, ఏ గేరులో అయినా ఇంజిన్ 14 శాతం తక్కువ తిరుగుతోంది. ఆర్‌పీఎం కనుక్కునే సూత్రం గోడ మీద రాసి పెట్టుకోదగ్గది: మైళ్లలో వేగం × గేర్‌బాక్స్ నిష్పత్తి × క్రౌన్ నిష్పత్తి × 336, దాన్ని అంగుళాల్లో టైరు వ్యాసంతో భాగించాలి. కిలోమీటర్లలో చేసేవాళ్లు 336 బదులు 209 వాడాలి.

డబ్ల్యూ56లో నిష్పత్తులు వరసగా 3.954, 2.141, 1.384, 1.000, 0.850. ఐదో గేరులో 65 మైళ్ల దగ్గర పాత టైర్లతో 2780 ఆర్‌పీఎం తిరగాల్సిన ఇంజిన్ ఇప్పుడు 2390 దగ్గర ఉంది. ఈ ఇంజిన్‌కి టార్క్ శిఖరం 2800. ఫ్యాక్టరీ ఇంజినీర్లు ఐదో గేరును సరిగ్గా అక్కడ కూర్చోబెట్టారు. టైరు దాన్ని కిందికి లాగేసింది.

ఎక్కుడులో ఎంత కావాలి, ఎంత ఉంది

సొరంగం దగ్గర ఎత్తు 11,158 అడుగులు. టర్బో లేని ఇంజిన్ వెయ్యి అడుగులకు 3 శాతానికి కొంచెం తక్కువ శక్తి కోల్పోతుంది. అక్కడికి చేరేసరికి 116లో 81 హార్స్‌పవర్ మిగులుతుంది, అదీ 4800 ఆర్‌పీఎం దగ్గర. మనుషులు, సామానుతో కలిపి బండి 1900 కిలోలు అనుకుందాం. 6 శాతం ఎక్కుడులో 55 మైళ్ల వేగం నిలబెట్టాలంటే బరువు ఎత్తడానికి 37, గాలిని చీల్చడానికి 10, టైర్ల రాపిడికి 9, మొత్తం 56 హార్స్‌పవర్ చక్రాల దగ్గర కావాలి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే పెట్టె), యాక్సిళ్లలో 18 శాతం పోతుందని పట్టుకుంటే, ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నా సరే, 4.10 క్రౌన్‌తో చక్రాలకు చేరేది ఇంత:

నాలుగో గేరు, 55 మైళ్లు, 2380 ఆర్‌పీఎం: దాదాపు 36.
మూడో గేరు, 55 మైళ్లు, 3300 ఆర్‌పీఎం: దాదాపు 50.
మూడో గేరు, 45 మైళ్లు, 2700 ఆర్‌పీఎం: దాదాపు 41. ఆ వేగానికి కావాల్సింది 43.

చివరి వరస చూడండి. వేగం తగ్గితే అవసరం తగ్గుతుంది, నిజమే. కానీ దాంతోపాటు ఆర్‌పీఎం పడిపోయి శక్తి కూడా తగ్గుతోంది. అందుకే మూడో గేరులో బండి ఏ వేగం దగ్గరా నిలబడదు, జారుతూనే ఉంటుంది. ఓనరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. రెండో గేరులో 45 మైళ్ల దగ్గర 4170 తిరుగుతుంది కాబట్టి అక్కడ నిలబడుతుంది, చెవులు పగిలినా.

ఇవి కాగితం మీది అంచనాలు. గాలి నిరోధం, రాపిడి అంకెలు బండి బండికీ కొంత మారతాయి. అయినా ఏ గేరు నిలబడుతుంది, ఏది నిలబడదు అని తేల్చడానికి ఇది చాలు. ఇక తేల్చాల్సింది, ఈ లెక్కలో రాసిన ఆరోగ్యమైన ఇంజిన్ బానెట్ కింద ఉందా లేదా అన్నది.

ఇంజిన్ పరీక్ష: డెన్వర్‌లో కంప్రెషన్ గేజ్ అబద్ధం చెబుతుంది

22ఆర్-ఈకి పుస్తకంలో కంప్రెషన్ 171 పీఎస్‌ఐ, కనిష్ఠం 142, సిలిండర్ల మధ్య తేడా 14 దాటకూడదు. ఇవి సముద్రమట్టం అంకెలు. డెన్వర్ మైలు ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనమే సముద్రమట్టంలో ఉన్నదానికి 83 శాతం. అక్కడ పూర్తి ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ కూడా గేజ్ మీద 142 చుట్టూనే చూపిస్తుంది, కనిష్ఠం 118 అవుతుంది. ఈ సవరణ చేసుకోక మంచి ఇంజిన్లను రింగులు పోయాయని విప్పేసిన సందర్భాలు ఉన్నాయి.

ఇంజిన్ వేడి చేసి, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పెట్టి తీసిన రీడింగులు: 142, 139, 117, 141. మూడో సిలిండర్ మీద అనుమానం. చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే పెద్దగా పెరగలేదు. రింగులు కాదు, వాల్వు.

ట్యాపెట్ సెట్టింగ్ ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే చూడాలి: ఇన్‌టేక్ 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.30. ఒకటో సిలిండర్ కంప్రెషన్ టాప్‌లో (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన చోట) పెట్టి ఇన్‌టేక్ 1, 2, ఎగ్జాస్ట్ 1, 3 సరిచేయాలి. క్రాంక్ ఒక్క చుట్టు తిప్పి ఇన్‌టేక్ 3, 4, ఎగ్జాస్ట్ 2, 4. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి ఈ వరస. మూడో ఎగ్జాస్ట్ దగ్గర 0.10 ఫీలర్ (సందు కొలిచే పలచని రేకు) కూడా బిగుతుగా వెళ్లింది. ట్యాపెట్ టకటకలాడితే యజమాని వెంటనే తెస్తాడు. బిగుసుకుపోతే ఇంజిన్ ఇంకా మెత్తగా, నిశ్శబ్దంగా నడుస్తుంది, ఎవరూ పట్టించుకోరు. వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోక వేడి దిగే దారి లేక అంచు కాలిపోతుంది. ఈ ఇంజిన్‌లో చప్పుడు మంచిది, మౌనమే ప్రమాదం. సరిచేసి రెండొందల మైళ్లు నడిపాక మూడో సిలిండర్ 131కి వచ్చింది. తేడా 11, హద్దులోనే ఉంది. హెడ్ దించాల్సిన పని తప్పింది, ప్రస్తుతానికి.

వాల్వు కవర్ తెరిచినప్పుడే టార్చి వేసి టైమింగ్ చైన్ వైపు తొంగిచూడాలి. ఈ ఇంజిన్‌కి పేరున్న జబ్బు అదే. చైన్ పక్కకు ఊగకుండా పట్టుకునే ఫ్యాక్టరీ గైడ్లు ప్లాస్టిక్‌వి. డ్రైవర్ వైపు (అమెరికా బండి కాబట్టి ఎడమ) గైడ్ విరిగితే చైన్ టైమింగ్ కవర్‌కి రాసుకుంటూ అల్యూమినియాన్ని కోసేస్తుంది. కోత నీళ్ల దారి దాకా వెళ్తే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తుంది, బేరింగులు పోతాయి. ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు ముందు వైపు గలగలమని ఆగిపోతే అదే మొదటి హెచ్చరిక. ఈ బండిలో గైడ్లు బాగానే ఉన్నాయి, అంతకుముందే ఎవరో స్టీలు వెన్ను ఉన్నవి వేశారు. మార్చాల్సి వచ్చినవాళ్లకు ఒక్క మాట: హెడ్ ముందు భాగంలో, డిస్ట్రిబ్యూటర్ గేరు కింద ఆయిల్ నిలిచే గుంటలో ఒక బోల్టు దాగి ఉంటుంది, హెడ్‌ని టైమింగ్ కవర్‌కి పట్టి ఉంచేది అదే. అది తీయకుండా కవర్‌ని మీటితే కవర్ చెవి విరుగుతుంది.

అసలు దొంగ ఇగ్నిషన్ టైమింగ్ దగ్గర దొరికాడు. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చూసే ముందు డయాగ్నస్టిక్ డబ్బాలో టీఈ1, ఈ1 అనే రెండు టెర్మినళ్లను వైరు ముక్కతో కలపాలి. అప్పుడు కంప్యూటర్ తన అడ్వాన్స్ (నిప్పురవ్వను ముందుకు జరపడం) కలపకుండా ఊరుకుంటుంది. ఆ స్థితిలో ఐడిల్‌లో టాప్‌కి 5 డిగ్రీల ముందు ఉండాలి. వైరు తీసేస్తే 10-12కి వెళ్తుంది. చాలామంది వైరు కలపకుండానే టైమింగ్ లైటు పెట్టి, 12 కనిపించగానే ఎక్కువైందనుకుని డిస్ట్రిబ్యూటర్‌ని 5కి తిప్పేస్తారు. అలా చేస్తే ఏడు డిగ్రీలు వెనక్కి పోయినట్టే. ఇక్కడ వైరు కలిపి చూస్తే గీత టాప్ దాటాక 2 డిగ్రీల దగ్గర కనిపించింది. ఇలా ఆలస్యంగా మండే ఇంజిన్‌కి దమ్ము ఉండదు, పైగా మంట ఎగ్జాస్ట్‌లోకి వెళ్లి అక్కడ వేడి పెంచుతుంది.

ఆ వేడి, మూడో సిలిండర్‌లో సరిగా మండని పెట్రోలు కలిసి చేసిన పని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (ఎగ్జాస్ట్ పొగను శుభ్రం చేసే డబ్బాలో) కనిపించింది. ఎగ్జాస్ట్ వెనక పీడనం కొలవడానికి ఆక్సిజన్ సెన్సర్ రంధ్రం వాడాలి. ఈ బండిలో ఆ సెన్సర్ మరతో బిగించేది కాదు, రెండు నట్ల ఫ్లాంజ్‌ది. కాబట్టి మామూలు అడాప్టర్ పట్టదు. చిన్న ఇనుప ప్లేటుకు రంధ్రం చేసి మర కోసుకుని గేజ్ పెట్టాలి. 2500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్‌ఐ లోపు ఉంటే క్షేమం. ఇక్కడ 4.5 వచ్చింది. కొత్త కన్వర్టర్ వేశాక 1కి దిగింది. పాతది పీకేసి ఖాళీ పైపు వెల్డ్ చేయమనేవాళ్లు ఉంటారు. అది అమెరికా ఫెడరల్ చట్టానికి విరుద్ధం. పైగా మంచి కన్వర్టర్ ఈ ఇంజిన్‌కి అడ్డమే కాదు.

మిగతావి త్వరగా: ప్లగ్గులు ఎన్‌జీకే బీపీఆర్5ఈవై, గ్యాప్ 0.8 మి.మీ. ఎయిర్ ఫ్లో మీటర్ నుంచి థ్రాటిల్‌కి వెళ్లే మడతల రబ్బరు గొట్టం కింద వైపు చీలింది, అద్దం పెడితేగాని కనపడదు. మీటరు లెక్కించని గాలి అందులోంచి దూరి మిశ్రమం పలచనవుతుంది. దీన్ని తేలిగ్గా పరీక్షించవచ్చు: ఐడిల్‌లో ఆయిల్ మూత తెరిస్తే ఇంజిన్ తడబడాలి. ఏ మార్పూ లేకపోతే గాలి అప్పటికే ఎక్కడో దూరుతోందని అర్థం. థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ని స్టాప్ స్క్రూ దగ్గర ఫీలర్ పెట్టి చూడాలి, 0.57 మి.మీ. దగ్గర ఐడిల్ కాంటాక్ట్ కలిసి ఉండాలి, 0.85 దగ్గర విడిపోవాలి. ఎయిర్ ఫ్లో మీటర్ నల్ల మూత తీసి లోపలి పళ్ల చక్రాన్ని తిప్పే పని మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. దాన్ని మళ్లీ పాత చోటికి తెచ్చినవాళ్లు తక్కువ.

ఇంత చేశాక సొరంగం ఎక్కుడులో తేడా వచ్చింది. మూడో గేరులో జారడం నెమ్మదించింది, ఆగలేదు. లెక్క చెప్పినట్టే.

4.56, 4.88, 5.29: ఏది?

పాత టైరుతో ఉన్న తూకాన్ని తిరిగి తేవాలంటే 4.10ని 31.8తో గుణించి 27.4తో భాగించాలి: 4.76. ఆ అంకెతో క్రౌన్ దొరకదు. ఐదో గేరులో 65 మైళ్ల దగ్గర 4.56 వేస్తే 2660, 4.88 వేస్తే 2850, 5.29 వేస్తే 3090 ఆర్‌పీఎం. సముద్రమట్టంలో, ఎక్కువగా హైవే మీద తిరిగే బండి అయితే 4.56తో సరిపెట్టుకోవచ్చు. ఇది ఎత్తు మీద బతికే బండి, టైర్లు బరువైనవి, వెనక సామాను ఉంటుంది. 4.88 ఎంచుకున్నాం. 5.29 అనేది 35 అంగుళాల టైర్లవాళ్లకు, రాళ్ల దారిలో పాకేవాళ్లకు. రోజూ ఆఫీసుకు నడిపే బండిలో అది ఐదో గేరును నాలుగో గేరు చేసేస్తుంది.

4.88తో మూడో గేరులో 55 మైళ్ల దగ్గర ఇంజిన్ 3920 తిరుగుతుంది, చక్రాలకు దాదాపు 58 హార్స్‌పవర్ చేరుతుంది. కావాల్సింది 56. అంటే అంచు మీద నిలబడుతుంది. క్రౌన్ మార్చితే శక్తి పుట్టదు. ఉన్న శక్తి దగ్గరికి ఇంజిన్‌ని తీసుకెళ్తుంది, అంతే. నాలుగో గేరులో అదే ఎక్కుడు ఎక్కుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అక్కడ చేరేది 43 మాత్రమే.

క్రౌన్-పినియన్ పని

ఫోర్ వీల్ డ్రైవ్ బండి కాబట్టి ముందూ వెనకా రెండూ మార్చాలి. వెనకది మార్చి ముందుది తర్వాత చూద్దాం అనుకుంటే ఆ మధ్యలో పొరపాటున కూడా ఫోర్ వీల్ లివర్ ముట్టుకోకూడదు. రెండు యాక్సిళ్లు వేర్వేరు వేగంతో లాగితే ట్రాన్స్‌ఫర్ కేస్ చైనో గేరో, ఏది బలహీనమైతే అది పగులుతుంది. ఈ బండిలో వెనక 8 అంగుళాల క్రౌన్, ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్‌కి 7.5 అంగుళాలది. వెనక సెట్టు కొనేటప్పుడు నాలుగు సిలిండర్ల హౌసింగ్‌దా, వీ6/టర్బో హౌసింగ్‌దా అని చూసి కొనాలి. రెండూ 8 అంగుళాలే, సెట్లు వేరు. పెట్టె తెరవగానే పళ్లు లెక్కపెట్టండి. 4.10కి 41, 10. 4.88కి 39, 8.

కావాల్సినవి: రెండు క్రౌన్-పినియన్ సెట్లు, పినియన్ బేరింగులు, సైడ్ బేరింగులు, పినియన్ సీళ్లు, కొత్త పినియన్ నట్లు, షిమ్‌లు (సందు సరిచేసే పలచని వాషర్లు), క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగుల మధ్య బిగింపుకి నలిగే గొట్టం) లేదా సాలిడ్ స్పేసర్ (నలగని గొట్టం), క్రౌన్ బోల్టులకు ఎర్ర థ్రెడ్‌లాకర్, గాస్కెట్ సిలికాన్, జీఎల్-5 80డబ్ల్యూ-90 ఆయిల్ (వెనకకు దాదాపు 2.2 లీటర్లు, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా). పనిముట్లలో డయల్ గేజ్, అంగుళం-పౌండ్ల టార్క్ రెంచ్, బేరింగ్ పుల్లర్, ప్రెస్ లేకుండా మొదలుపెట్టొద్దు.

వెనక డిఫరెన్షియల్ ముందు నుంచి మొత్తంగా ఊడి వస్తుంది, ఇది టయోటా చేసిన మేలు. ఆయిల్ దించి, చక్రాలు, డ్రమ్ములు తీసి, బ్రేకు పైపులు, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు విప్పి, బ్యాకింగ్ ప్లేటు నాలుగేసి నట్లు తీసి, యాక్సిల్ షాఫ్టులను ప్లేటుతో సహా నాలుగైదు అంగుళాలు బయటికి లాగితే చాలు. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజ్‌లకు గుర్తు పెట్టి నాలుగు బోల్టులు తీయాలి. ఆపై హౌసింగ్ చుట్టూ పది నట్లు. ముద్ద బరువు ముప్ఫై కిలోల పైమాటే, ఛాతీ మీద పడనివ్వకుండా జాకీ పెట్టాలి.

బల్ల మీద పని వరస: క్రౌన్ బోల్టులు 71 ఫుట్-పౌండ్లు, ఎదురెదురుగా బిగించాలి. పాత పినియన్ కింద ఉన్న షిమ్ మందంతో మొదలుపెట్టి, ముందు క్రష్ స్లీవ్ లేకుండానే పినియన్ కూర్చోబెట్టి, పసుపు గుర్తు రంగు రాసి పళ్ల ముద్ర చూడాలి. ముద్ర పంటి వేరు వైపు దిగి ఉంటే పినియన్ లోతెక్కువ, షిమ్ తగ్గించాలి. శిఖరం వైపు ఉంటే లోతు తక్కువ, షిమ్ పెంచాలి. 0.05 మి.మీ. తేడాకే ముద్ర కదులుతుంది. నాలుగైదు సార్లు విప్పి బిగించడం మామూలు; మొదటిసారే కుదిరితే అదృష్టం, కుదిరిందని అనుకోవడం మాత్రం అనుమానించదగ్గ విషయం. బ్యాక్‌లాష్ (రెండు గేర్ల పళ్ల మధ్య ఆట) 0.13 నుంచి 0.18 మి.మీ. లోపల ఉండాలి, క్రౌన్ చుట్టూ మూడు చోట్లయినా కొలవాలి. బేరింగ్ క్యాప్‌లు 58 ఫుట్-పౌండ్లు. క్యాప్‌లు ఎడమ కుడి మారిపోకుండా విప్పేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

ఎక్కువమంది చెడగొట్టేది పినియన్ ప్రీలోడ్ (బేరింగుల బిగింపు, పినియన్ తిప్పడానికి పట్టే బలంతో కొలుస్తారు) దగ్గర. కొత్త బేరింగులకు 16.5 నుంచి 22.6 అంగుళం-పౌండ్లు. క్రష్ స్లీవ్ నలగడం మొదలయ్యేదాకా నట్టు ఎంత బిగించినా ప్రీలోడ్ సున్నా. నలగడం మొదలయ్యాక నట్టు పావు చుట్టు కూడా తిరగకుండానే హద్దు దాటిపోతుంది. దాటితే నట్టు వదులు చేసి సరిపెట్టడం కుదరదు. నలిగిన స్లీవ్ తిరిగి లేవదు, బేరింగుకి పట్టు పోతుంది. కొత్త స్లీవ్ వేయాల్సిందే. అందుకే ఈ బండికి సాలిడ్ స్పేసర్, షిమ్‌లు వాడాం. ఒక గంట ఎక్కువ పడుతుంది కానీ, రేపు సీలు మార్చడానికి నట్టు తీసినా అదే టార్క్‌కి బిగిస్తే ప్రీలోడ్ మళ్లీ అదే వస్తుంది.

ముందు డిఫరెన్షియల్ చికాకు పని. రెండు వైపులా హాఫ్ షాఫ్టుల ఫ్లాంజ్ నట్లు ఆరేసి, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్ పట్టు బోల్టులు తీసి మొత్తం కిందికి దించాలి. వాక్యూమ్‌తో ముందు యాక్సిల్ విడిపోయే ఏర్పాటున్న బండ్లలో ఆ రెండు గొట్టాలకు పేర్లు రాసి కట్టండి. తారుమారైతే ఫోర్ వీల్ వేసినప్పుడు విడిపోతుంది, తీసినప్పుడు కలుస్తుంది. దోషం గేర్లలో వెతుకుతూ రోజు పోతుంది.

మొదటి 20 మైళ్లు మెల్లగా నడిపి అరగంట చల్లారనివ్వాలి, అలా రెండు మూడుసార్లు చేయాలి. కొత్త పళ్లు ఒకదానికొకటి రుద్దుకుని విపరీతంగా వేడెక్కుతాయి, ఆ వేడిలోనే ఎక్కుడెక్కిస్తే పంటి గట్టిదనం పోతుంది. 500 మైళ్ల దాకా లోడు లాగొద్దు, ఆపై ఆయిల్ మార్చాలి.

తర్వాత ఏమైంది

ఐ-70 ఎక్కుడులో మూడో గేరులో బండి 53-55 మైళ్ల మధ్య నిలబడుతోంది, రెండో గేరు అవసరం రాలేదు. చదును రోడ్డు మీద ఐదో గేరు మళ్లీ వాడుకలోకి వచ్చింది. ఫోర్ వీల్ లోలో 2.28 ట్రాన్స్‌ఫర్ కేస్‌తో కలిపి మొదటి గేరు మొత్తం నిష్పత్తి 37 నుంచి 44కి పెరిగింది. మంచు దారిలో బ్రేకు తొక్కకుండా దిగడానికి అది పనికొస్తుంది. క్లచ్ మీద భారం తగ్గడం ఓనరు అడగని లాభం.

మైలేజీ దగ్గర అందరూ మోసపోతారు. పెద్ద టైరు వేసినప్పుడు ఓడోమీటర్ నిజం కంటే తక్కువ చూపిస్తుంది. ఈ బండి గేలన్‌కి 15.5 మైళ్లు ఇస్తోందని ఓనరు అన్నాడు. 1.16తో గుణిస్తే నిజం 18. క్రౌన్ మార్చాక మీటరు 19.2 చూపించింది. ఇప్పుడు మీటరు రెండున్నర శాతం ఎక్కువ చెబుతోంది కాబట్టి నిజం 18.7. పెరిగింది ముప్పావు మైలు లోపే, అందులోనూ ఎక్కువ భాగం టైమింగ్, కన్వర్టర్ పుణ్యమే. క్రౌన్ మార్చితే మైలేజీ పావువంతు పెరిగిందని చెప్పేవాళ్లందరూ మీటరునే చదువుతున్నారు. వేగం సంగతీ అంతే: మునుపు మీటరు 65 చూపించినప్పుడు బండి 75లో ఉండేది.

కామ్‌షాఫ్ట్ జోలికి వెళ్లలేదు. ఎక్కువ డ్యూరేషన్ కామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచేది) టార్క్ శిఖరాన్ని పై ఆర్‌పీఎంకి జరుపుతుంది, కింది టార్క్ తగ్గిస్తుంది. ఈ బండికి కావాల్సింది దానికి తిరగేసి. ఎగ్జాస్ట్ తుప్పుపట్టి ఎలాగూ మార్చాల్సి వచ్చింది కాబట్టి కన్వర్టర్ వెనక రెండుంపావు అంగుళాల పైపు వేశాం. 2.4 లీటర్ల ఇంజిన్‌కి అంతకు మించితే చప్పుడే మిగులుతుంది.

మన ఊళ్లలో బొలెరో పికప్‌లకో టాటా 207లకో లావు టైర్లు ఎక్కించేవాళ్లకూ చక్రం రెండు చుట్లు తిప్పి షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టే పద్ధతి, 209 సూత్రం యథాతథంగా పనికొస్తాయి. మార్పు విషయంలో మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. అక్కడ తెలివైన మార్గం టైరును పాత సైజుకి దించడమే, అది క్రౌన్ మార్చినంత పనీ చేస్తుంది.

500 మైళ్ల దగ్గర దించిన వెనక ఆయిల్ బూడిదరంగులో ఉంది, అయస్కాంతం ప్లగ్గుకి మెత్తటి పేస్టు పట్టింది. అది మామూలే. సూదుల్లా, పెంకుల్లా ముక్కలు కనిపిస్తే మళ్లీ విప్పాలి. ఈ బండిలో కనిపించలేదు. ట్యాపెట్లు మరోసారి చూస్తే మూడో ఎగ్జాస్ట్ 0.30 నుంచి 0.26కి బిగిసింది. వాల్వు సీటు అరుగుతోందన్నమాట. ప్రతి 5,000 మైళ్లకు చూస్తూ ఉండాలి. మూడోసారి కూడా బిగిసిపోతే హెడ్ దించక తప్పదు.